టోబియాస్ వెంక్ చెడగొట్టి ఊదిన రోజు

లిండెన్‌బ్రున్ కోటలో టోబియాస్ వెంక్ ఓబో అందుకుంటే వంటవాళ్ళు గరిటెలు పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు. సన్నాయికి దూరపు చుట్టంలాంటి ఆ వాద్యాన్ని ఆయన అలా పలికించేవాడు. బాణీలు కట్టేదీ ఆయనే. అంతటివాడికీ ఒంటి మీద బండి తోలేవాడికి కుట్టించినలాంటి నీలం కోటే. దొరగారు భోంచేస్తున్నంత సేపూ మేడ వసారాలో నిలబడి ఊదాలి. కట్టిన బాణీలన్నీ దొరగారి సొత్తు. వాయించడం కాగానే బీరువాలో పెట్టి తాళం వేసేవారు.

హాంబుర్గ్ నగరంలోని నాటకశాల నుంచి కబురొచ్చింది. ఈస్టర్‌లోపు వస్తే కొలువిస్తామనీ, బాణీలు ఆయన పేరుతోనే అచ్చు వేయిస్తామనీ. వెంక్ సెలవడిగాడు. "నువ్వెళ్తే నాకు ముద్ద దిగొద్దూ?" అని దొర నవ్వేశాడు. చెప్పకుండా పారిపోతే ఖైదే.

"పనికిరారని తెలిస్తే ఆయనే తోలేస్తాడు కదండీ," అంది భార్య ఓటిలీ. "ఆ బాకా ఊదే గ్రోస్‌ని తోలెయ్యలేదూ? ఒక్కరోజు చెడగొట్టి ఊదండి. మీ సొమ్మేం పోయింది?"

పోయేది తన సొమ్మేనని ఆవిడకెలా చెప్పడం? అయినా ఆదివారం పొద్దున వెంక్ ఓబోకి పెట్టే రెల్లుపీకని కావాలనే ఒక పక్క పలచగా గీకేశాడు.

విందులో ఓబో బాతులా అరిచింది. మెల్లగా సాగాల్సిన చోట పొలమారినట్టు ఆగిపోయింది. పక్కన బసూన్ ఊదే ముసలి బర్తెల్ బిత్తరపోయి చూశాడు. గుమ్మంలో వంటవాళ్ళు తలలు దించుకున్నారు. వెంక్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ప్రాణం ఉగ్గబట్టుకుని చివరిదాకా ఊదాడు.

దొర చేతిలో కోడికాలుతో పైకి చూశాడు. "అదరగొట్టావోయ్ వెంక్! రోజూ ఇలాగే ఊదు. చచ్చేదాకా నిన్ను వదలను పో!"

వెంక్ మెట్ల మీద కూలబడ్డాడు.

"బాబాయ్, ఆయన విననే లేదు."

"ఎప్పుడు విన్నాడు గనక?" అన్నాడు బర్తెల్.

"మరి గ్రోస్‌ని? వాడి బాకా పలకట్లేదనేగా పంపేశాడు?"

"బాకా సంగతి ఆయనకేం తెలుసురా పిచ్చోడా! వాడికి ముందుపళ్ళు ఊడిపోయాయి. తినేటప్పుడు ఆ బోసినోరు చూడలేక పొమ్మన్నాడు."

ఇన్నేళ్ళూ గోడకి ఊదానని వెంక్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. నాలుకతో ముందుపళ్ళు తడుముకున్నాడు. అన్నీ రాళ్ళలా ఉన్నాయి. అవి ఊడితే గానీ కోట దాటలేడు. ఊడితే ఓబో పలకదు.

విందుగది నుంచి నౌకరు కేకేశాడు. "వెంక్‌గారూ! దొరగారు అదే పాట మళ్ళీ కావాలంటున్నారు!"

వెంక్ కళ్ళు తుడుచుకుని లేచాడు. వంటవాళ్ళు గుమ్మంలోంచి ఇంకా కదల్లేదు. జేబులోంచి మంచి పీక తీసి ఓబోకి పెట్టుకున్నాడు.