చలి రాని ఏడాది విప్పిన దోమతెర

పుష్యమాసంలో, ములకలపల్లి దగ్గర అడవి అంచునున్న ఒక ఊళ్లో, ఆరు నెలల గర్భిణికి మలేరియా తేలింది. ఆశా కార్యకర్త ఆమె వేలి నుంచి నెత్తుటి చుక్క తీసి పరీక్ష పట్టీ మీద వేసింది. కాసేపటికి గీత పడింది. చలి లేక మామిడి పూత ఆలస్యమైందని వార్త రాయడానికి వెళ్లిన నేను ఆ ఇంటి అరుగు మీద మంచినీళ్లు తాగుతున్నాను.

"తెర ఏది?" అని అడిగింది ఆశా.

గర్భిణి అత్త పెరటివైపు చూపింది. సర్కారు ఇచ్చిన దోమతెర తోటకూర మడి చుట్టూ కట్టి ఉంది.

"కోళ్లు ఆగుతలేవు బిడ్డా. ఒక్క ఆకు ఉంచుతలేవు."

"కోడలికి కట్టమని ఇస్తే కూరకు కట్టినవా? మంచిగున్నది."

"వడ్లు ఇంటికొచ్చినంక దోమ ఏడుంటది? మా అత్త కాలం నుంచి గంతే."

"వడ్లు వచ్చినయి. చలి వచ్చిందా?"

మంచం మీది కోడలు, "నేను చెప్పిన. వినలే" అంది.

"మంచం కింద యాపాకు పొగ పెడుతున్న గద" అని అత్త గొణిగింది.

ఆమె లెక్క ఊరందరిదీ. ఏటా కోతలయ్యేసరికి మంచు దిగుతుంది, వాకిళ్లలో చలిమంటలు లేస్తాయి, దోమలు తగ్గుతాయి. చలిలో దోమ మందగిస్తుంది. దాని ఒంట్లో మలేరియా క్రిమి ఎదగాలన్నా వెచ్చదనం కావాలి. అందుకే కళ్లం ఖాళీ కాగానే తెర విప్పుతారు. ఈసారి కోతలు వేళకే అయ్యాయి, చలి మాత్రం రాలేదు. దుప్పటి అక్కర్లేని రాత్రులు గడిచాయి. వాగు గుంటల్లో నీళ్లు నిలిచే ఉన్నాయి.

ఆ సాయంత్రం అత్త తెర విప్పుకొచ్చి మంచానికి కట్టింది. మర్నాడు కోడలిని ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారు. మాత్రలతో జ్వరం దిగింది. వచ్చింది తిరగబెట్టే రకం మలేరియా అనీ, క్రిములు కాలేయంలో దాక్కుంటాయనీ డాక్టరు చెప్పాడు. వాటిని చంపే మందు ఉంది, కడుపులో బిడ్డకు ప్రమాదమని గర్భిణికి ఇవ్వరు.

"మళ్లొస్తదా సార్?" అని అత్త అడిగింది.

"రావచ్చు, రాకపోవచ్చు. జ్వరం రాంగనే తీసుకరా, పొగ పెట్టుకుంట కూసోకు."

కాన్పు చైత్రంలో. అప్పటిదాకా ఆ మందు ఇవ్వడానికి లేదు.