ఇద్దరు సోంబర్లు

శుక్రవారం అరకులో సంత. కొండల మీది ఊళ్ళవాళ్ళందరికీ అది సందడి రోజు. కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేసే సత్యకుమారికి మాత్రం ఆ రోజంటే గుబులు. సంతలో అల్లం, చిక్కుళ్ళు అమ్ముకుని వాళ్ళమ్మ గంగ తిన్నగా ఆసుపత్రికి వచ్చేది. గేటు బయట నిలబడే "సుక్రీ! ఓ సుక్రీ!" అని గొంతెత్తి పిలిచేది. సత్యకుమారి పరుగున వెళ్ళి, తల్లి చెయ్యి పట్టుకుని వంటగది వెనక్కి తీసుకుపోయేది.

"అందరి ముందూ అలా పిలవొద్దని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?"

"మరేటని పిలవాలే? సుక్రోరం పుట్టినావు, సుక్రివి. నాకు ఆ పెద్ద పేరు నోరు తిరగదు."

వాళ్ళ తెగలో పేర్లంటే అంతే. సోమవారం పుట్టినవాడు సోంబరు, మంగళవారం పుట్టినవాడు మంగ్లు. సత్యకుమారి అన్న పేరు ఆశ్రమ పాఠశాల మాస్టారు పెట్టింది. చేర్చుకున్న రోజున ఆయన "సుక్రి ఏంటమ్మా, అదేం పేరు!" అని పక్కనున్నవాళ్ళను చూసి నవ్వాడు. పలకా బలపం పట్టుకుని నిలబడ్డ పిల్ల ఆ నవ్వును మరిచిపోలేదు. తర్వాత విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివింది. మీది ఏ ఊరంటే "అరకు" అనేది. అరకులో దిగాక కొండెక్కి ఇంకెంత నడవాలో చెప్పేది కాదు.

ఆసుపత్రి నడిపేది ఒక ధర్మసంస్థ. అరకుది పెద్దది, చింతపల్లిలో, సాలూరులో, పార్వతీపురంలో చిన్న కేంద్రాలు ఉండేవి. నాలుగు చోట్లా కంప్యూటర్లలో ఒకే సాఫ్ట్‌వేర్, అచ్చంగా ఒకే రకం డేటాబేసు. రోగి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఏ కన్ను, ఏం జబ్బు. కానీ ఒక చోటి సంగతి ఇంకో చోట తెలిసేది కాదు. సీడీలో కాపీ చేసి జీపు డ్రైవరు చేతికిస్తే, అది ఘాట్ రోడ్డు ఎక్కి అరకు చేరేలోపు పంపిన చోట కొత్త రోగులు వచ్చేసేవారు.

2007 వానాకాలంలో దుర్గాప్రసాద్ అనే కుర్ర ఇంజినీరు విశాఖ నుంచి వచ్చాడు. నాలుగు కేంద్రాలనూ నెట్‌తో కలిపి, అరకు కంప్యూటర్లో కొత్త ఏర్పాటు చేశాడు.

"ఎక్కడి డేటా అక్కడే ఉంటాదండి, ఏదీ ఇక్కడికి మొయ్యక్కర్లేదు," అని సత్యకుమారికి చెప్పాడు. "మీరిక్కడ ఒక్క ప్రశ్న వెయ్యండి. అది నాలుగు చోట్లకీ వెళ్ళి అడిగి, వచ్చిన జవాబులన్నీ ఒకే పట్టికలా మీ ముందు పెడతాది. మీ కంటికి నాలుగూ కలిసి ఒకటే డేటాబేసు."

ఆమె త్వరగానే నేర్చుకుంది. శుక్లాలు ముదిరినవాళ్ళెవరని అడిగితే చాలు, చింతపల్లి వాళ్ళూ సాలూరు వాళ్ళూ అరకు వాళ్ళ పక్కనే వరసకట్టేవారు. ఒక్కోసారి పార్వతీపురం పేర్లు రాకపోతే "అక్కడ కరెంటు పోయినట్టుంది" అని ఇక్కణ్ణుంచే చెప్పేది. ఆసుపత్రి చూడ్డానికి ఎవరొచ్చినా డాక్టర్ భవాని వాళ్ళను ఆమె బల్ల దగ్గరికి తీసుకొచ్చి "మా సత్య ఇక్కడ కూర్చుని నాలుగు ఊళ్ళూ చూసేస్తుంది" అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ, తాను కొండ దిగి చాలా దూరం వచ్చేశానని సత్యకుమారికి అనిపించేది.

ఆ డిసెంబరులో అరకులో పెద్ద ఆపరేషన్ల క్యాంపు ఏర్పాటు చేశారు. బయటినుంచి సర్జన్లు వస్తున్నారు. కొందరు రోగులు రెండు కేంద్రాల్లోనూ పేరు రాయించుకుంటారు. అలాంటి జంట పేర్లు తీసెయ్యమంది భవాని. దుర్గాప్రసాద్ కూడా అక్కడే ఉన్నాడు. తెర మీద పట్టిక చూసి పకపకా నవ్వాడు.

"ఇది చూడండి మేడమ్. అరకులో సోంబరు, తండ్రి మంగ్లు, వయసు అరవై, కుడి కన్ను. చింతపల్లిలో కూడా సోంబరు, తండ్రి మంగ్లు, అరవై, కుడి కన్ను! ఏటండీ ఇది, ఏజెన్సీలో పేర్లకి కరువొచ్చిందా?"

భవాని నవ్వింది. వాళ్ళతో పాటు సత్యకుమారీ నవ్వింది.

"ఊళ్ళు వేరుగా ఉన్నాయే," అంది భవాని.

"ఊళ్ళని నమ్మకూడదండి. ఒకే ఊరిని ఒక్కో చోట ఒక్కోలా టైపు కొట్టారు. అది వదిలేసి, మిగతావన్నీ కలిస్తే మనిషి ఒక్కడే అనుకోవాలి."

భవాని ఒక్క క్షణం ఆలోచించి ఇటు తిరిగింది. "సత్యా, నువ్వు ఇటువైపు దానివే కదా. ఇలా ఇద్దరుంటారంటావా?"

ఉంటారని ఆమెకు తెలుసు. వాళ్ళ ఊళ్ళోనే ఇద్దరు సోంబర్లున్నారు. వయసు తెలియని ముసలివాళ్ళను అడిగితే అందరూ అరవై అనే అంటారనీ తెలుసు. కానీ చెప్పాలంటే "మాలో వారాన్ని బట్టి పేరు పెడతారు మేడమ్" అని మొదలుపెట్టాలి. ఆ "మాలో" దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాత వాళ్ళు అడగబోయే ప్రశ్న, నీ అసలు పేరేంటని.

"లేదు మేడమ్. ఒక్కడే అయ్యుంటాడు," అంది.

ప్రశ్నలోంచి కేంద్రం పేరూ, ఊరి పేరూ తీసేసి ఒక్క మాట చేర్చింది, ఒకేలా ఉన్న వరసల్ని ఒక్కసారే చూపించమని. పట్టిక చిన్నదైంది. "ఇప్పుడు శుభ్రంగా ఉంది," అన్నాడు దుర్గాప్రసాద్.

క్యాంపు బాగా జరిగింది. ఆపరేషన్ అయినవాళ్ళ పేర్లను సత్యకుమారి అన్ని కేంద్రాలకూ పంపింది. అరకు సోంబరు కట్టు విప్పగానే ఎదుట నిలబడ్డ మనవరాలి ముక్కుపుడక చూసి కేకలు పెట్టాడు. అందరూ నవ్వుకున్నారు.

వేసవిలో బేబి అనే కోడలు మామను నడిపించుకుంటూ చింతపల్లి దగ్గరి ఊరి నుంచి వచ్చింది. ముసలాయన కుడి కన్ను ఎర్రగా ఉబ్బి ఉంది. నొప్పికి తల పట్టుకుని నేల మీదే కూలబడ్డాడు. సత్యకుమారి పేరడిగింది.

"సోంబరు. తండ్రి మంగ్లు," అంది బేబి. "మీకాడ ముందే ఉంది ఆ పేరు. సలికాలంలో మా ఊళ్ళో అందరికీ జీపొచ్చింది, మా మావని ఎక్కించుకోలేదు. సింతపల్లి ఎల్లి అడిగితే నర్సమ్మ కంప్యూటర్ సూసి, ఆపరేసన్ అయిపోయిందని ఉంది అంది. అవలేదమ్మా, ఇదిగో కన్ను అంటే, అరకోళ్ళు రాసింది తప్పవుద్దేటి అంది. దారంతా ముసలోడు కన్ను తడుముకుంటూనే ఉన్నాడు, నిద్దట్లో సేసేసినారేమోనని."

కీబోర్డు మీద సత్యకుమారి వేళ్ళు ఆగిపోయాయి. తల ఎత్తకుండానే ఇద్దర్నీ లోపలికి పంపింది.

భవాని చాలాసేపు పరీక్ష చేసింది. శుక్లం మరీ ముదిరి కంట్లో ఒత్తిడి పెరిగిపోయింది. నొప్పి తగ్గించగలరు గాని, ఆ కంటికి ఇక చూపు రాదు. బయటికొచ్చి అప్పటికప్పుడే చింతపల్లికి ఫోన్ చేసి, అక్కడి నర్సు రత్నాలును కడిగేసింది. "మనిషి ఎదురుగా ఉంటే కన్ను చూడవా? కంప్యూటర్ చూస్తావా?" రత్నాలు ఏడుపు ఇవతలికి కూడా వినిపించింది. సత్యకుమారి అదంతా వింటూ ప్రింటర్లో కాగితాలు సర్దుతూ నిలబడింది.

ఆ రోజు చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకుంది. మర్నాడూ చెప్పలేదు. శుక్రవారం గంగ వచ్చి పిలిస్తే, గేటు దాకా వెళ్ళలేదు. రత్నాలును ఉద్యోగంలోంచి తీసేస్తున్నారని తెలిసిన రోజున సత్యకుమారి భవాని గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"తప్పు రత్నాలక్కది కాదు మేడమ్. ఇద్దరు సోంబర్లని కలిపేసింది నేను."

"మనమందరం కలిసి అనుకున్నదే కదమ్మా అది. నీకేం తెలుసు?"

"నాకు తెలుసు మేడమ్. మీరు అడిగినప్పుడే తెలుసు. మాలో వారాన్ని బట్టి పేర్లు పెడతారు. నా పేరు కూడా సుక్రి."

"మరి అడిగితే ఎందుకు చెప్పలేదు?" అంది భవాని.

"అప్పుడు మీరంతా నవ్వుతున్నారు మేడమ్."

భవాని ముఖం ఎర్రబడింది. "ముందు రత్నాల్ని తిరిగి పనిలోకి రమ్మని ఫోన్ చెయ్యి. తర్వాత నువ్వు కలిపేసిన వాళ్ళందర్నీ విడదియ్యి," అంది.

సత్యకుమారి ఆ ఒక్క మాట తీసేసి మళ్ళీ అడిగింది. ఈసారి కేంద్రం పేరూ, ఊరి పేరూ కూడా చూపించమంది. పట్టిక మళ్ళీ పెరిగింది. ఒక్కరే అనుకున్న చోట ఇద్దరు మంగ్లులు, ముగ్గురు సోంబర్లు బయటపడ్డారు. కొందరు నిజంగానే రెండు చోట్ల రాయించుకున్నవాళ్ళు; కొందరు అసలు పిలుపే అందనివాళ్ళు. జీపు పంపి ఒక్కొక్కర్నీ వెతికించారు. వాళ్ళందరికీ ఆపరేషన్లు సమయానికే అయ్యాయి. చింతపల్లి సోంబరుకు మాత్రం ఎడమ కన్ను ఒక్కటే మిగిలింది. అందులోనూ శుక్లం మొదలైంది.

ఆయన్ను తీసుకురావడానికి సత్యకుమారి తానే వెళ్తానంది. రత్నాలు దారి చూపించింది గాని, జీపులో ఒక్క మాట మాట్లాడలేదు. సోంబరు కాఫీ తోట పక్కన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సత్యకుమారి నిలబడే ఉండి జరిగిందంతా చెప్పింది, తన పేరుతో సహా.

ముసలాయన నిదానంగా విన్నాడు. "అయితే ఆ సోంబరుకి బాగా కనిపిస్తందా?" అన్నాడు.

"కనిపిస్తోంది తాతా."

"పోన్లే."

"పోన్లే ఏటి మావా?" అంది బేబి లోపల్నుంచి వచ్చి. సత్యకుమారి ముఖంలోకి సూటిగా చూసింది. "నీ పేరు సెప్పుకోడానికి నీకు సిగ్గు. దానికి మా ముసలోడి కన్ను పోవాలా?"

బేబి తిట్టినా బాగుండేదని సత్యకుమారికి అనిపించింది. బేబి తనే మామ గుడ్డలు మూటకట్టి జీపెక్కింది.

ఎడమ కంటికి ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపే రోజున సోంబరు వాకిట్లో నిలబడి భవానికి దండం పెట్టాడు, వంటమనిషికి పెట్టాడు, జీపు డ్రైవరుకూ పెట్టాడు. సత్యకుమారి మూట తెచ్చి ఇవ్వబోతే బేబి దాన్ని ఆమె చేతుల్లోంచి లాక్కుంది. "ఆ గుంట ఏదీ, మొన్న మా ఇంటికొచ్చింది?" అని ముసలాయన అడిగాడు. బేబి ఆయన చెయ్యి పట్టుకుని జీపు వైపు తిప్పింది.

సత్యకుమారి ఆయన కుడి పక్కనే ఉంది. రెండడుగులు వేసి ఎడమ వైపుకు వస్తే ఆయనకు కనిపించేది. రాలేదు. జీపు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఉండిపోయింది.