నల్లమాడ క్యాంపులో హెల్మెట్ పిల్ల

ఎండ తగలకూడని పిల్లను నా చేతులతో నేనే ఎండలో నిలబెట్టాను. ప్రభుత్వ కంటి డాక్టరుగా నా ఉద్యోగపు చివరి వేసవిలో, నల్లమాడ కంటి క్యాంపులో చేసిన తప్పు అది.

కావేరి అనే ఆ పిల్ల బడి వరండాలో నల్ల అద్దం హెల్మెట్ పెట్టుకుని, చేతులకు సాక్సులు తొడుక్కుని కూర్చుంది. దుమ్ముకు కళ్లు దురదపెట్టి వెలుతురు చూడలేని పిల్లలు మా వైపు చాలామంది. ఇదీ అదే అనుకున్నాను. కరెంటు పోయింది. అలాంటప్పుడు రోగిని గుమ్మం బయట నిలబెట్టి రెప్ప ఎత్తి చూడడం మా క్యాంపుల అలవాటు. హెల్మెట్ తీసి అదే చేశాను.

నీళ్లకు పోయిన వాళ్ల నాయనమ్మ, అంటే జేజి, నాగమ్మ తిరిగొచ్చి పాపను కొంగు కింద దాచింది.

"ఏమప్పా డాక్టరూ, కండ్లు కనపడంది దీనికా, నీకా? ఎండ తగిలితే గడ్డలు లేస్తాయని బెంగళూరులో చెప్పినారు. నువ్వేమో వడియాలు ఎండబెట్టినట్ల పెట్టినావు."

ముఖం నిండా ఉన్న మచ్చల అర్థం అప్పుడు తెలిసింది. జిరోడెర్మా పిగ్మెంటోసమ్. వంశంలో వచ్చే ఈ జబ్బున్నవారి ఒళ్లు ఎండ చేసిన గాయాన్ని బాగుచేసుకోలేదు. కంటికీ అంతే. రెప్ప ఎత్తినప్పుడు పాప నల్లగుడ్డు అంచున తెల్లటి చిన్న గడ్డ కనిపించింది. త్వరగా తీస్తే కన్ను దక్కుతుంది, ఆలస్యమైతే కన్నే తీయాల్సి రావచ్చు.

ఆపరేషన్‌కు అనంతపురం రమ్మన్నాను.

"నీ యెంబడి మేము రాము లేప్పా. ఆడ గూడా ఆరేస్తావు."

తప్పయిందన్నాను. "అయితే ఇది పెట్టుకోని పని చేసుకో. దాని కష్టం తెలుస్తాది" అని హెల్మెట్, సాక్సులు నా చేతికిచ్చింది. పాపను తలుపులు మూసిన చీకటి గదిలో కూర్చోబెట్టి, పెట్టుకున్నాను. వరుసలో ఒక ముసలాయన మా అటెండరును అడిగాడు: "ఏమన్నా, ఈ సారు ఆపరేషన్ బండి మీద పోతా చేస్తాడా?"

చెమటకు అద్దం మసకబారింది. ఇక తీయనా అని అడిగితే తలుపు వెనక నుంచి కావేరి, "అప్పుడే ఎట్ల సార్? నేను పొద్దు గూకేదాకా తీయను" అంది.

అంతసేపూ ఉంచుకున్నాను. జేజి రావడానికి ఒప్పుకుంది.

గడ్డ తీశాం. పరీక్షలో క్యాన్సరనే తేలింది, కానీ పూర్తిగా వచ్చేసింది. కన్ను దక్కింది. ఇలాంటివి మళ్లీ వస్తాయి కాబట్టి చూపించుకుంటూనే ఉండాలి.

రోగి దేన్నైనా కప్పుకుని వస్తే, తీసే ముందు ఎందుకని అడగాలి. నేను నేర్చుకున్నది అంతే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఈ జబ్బు పిల్లలను పొద్దు గూకాకే చూసేవాణ్ణి. పగలు రావాల్సి వచ్చినవారి కోసం నిచ్చెనెక్కి, అనంతపురం ఆసుపత్రిలో మా గది కిటికీలకు ఎండను ఆపే ఫిల్మ్ నేనే అతికించాను. జేజి వచ్చి కింద నుంచి చూసి, మూలన వెలుతురు పడతాండాదని చెప్పింది. పీకి మళ్లీ అతికించాను.