అసలు పాలసొర

ఇల్లు వదిలి వారమైంది. ఆసిఫాబాద్‌లో నన్ను పలకరించినవారు లేరు. సంతలో ఒక ముసలమ్మ, బాలింత కోడలికి పాలు పడడం లేదని ఎండు పాలసొర చేప కొంటోంది. చేపల గురించి చదివినవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

"చేప తింటే పాలు రావమ్మా, డాక్టరుకు చూపించండి. పైగా ఇది పాలసొర కాదు, దాని చుట్టం. ముక్కు పారలా ఉంది చూడండి. ఈ జాతికి అంతరించే ముప్పు దగ్గరపడింది. అసలు పాలసొర ఇప్పటికే ముప్పులో ఉంది."

ముసలమ్మ చేపను గంపలో పడేసి అమ్మే ఆమెను కసిరింది. "ఏందే, మోసం జేస్తున్నవా? సారు జెప్పకుంటే పసిపోరికి ఏడ్సుడే అయితుండె!"

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "సల్లంగుండు బిడ్డా. గా అసలుది ఏడ దొరుకుతది?"

తెలియదన్నాను. మా కాకినాడ రేవులో అది ఇంకా వలకు పడుతూనే ఉంది. ఆ వారంలో నన్ను బిడ్డా అన్న ఒక్క మనిషికీ అబద్ధం చెప్పాను.