తిరగేసి పెట్టిన థర్మోస్టాట్

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేనక్కడ గుమాస్తాను. పెళ్లయిన కొత్త. కడపలో మా మామగారికి ఒక పాత కారుండేది. దాని మంచీచెడ్డా చూసేది ఒక మెకానిక్ సాయిబు.

ఆ వేసవిలో ఒక పెళ్లికని నేను కడప వెళ్లినప్పుడు, కారు ఊరికే వేడెక్కిపోతుంటే సాయిబు థర్మోస్టాట్ చెడిందన్నాడు. ఇంజన్లో నీళ్లు కాగగానే తెరుచుకుని వాటిని రేడియేటరుకు వదిలే చిన్న బిళ్ల అది. పాతది పీకేసి, మద్రాసు నుంచి తెప్పించిన కొత్తది మామగారికి చూపించి కారులోనే పెట్టి, పొద్దున్నే వచ్చి బిగిస్తానని వెళ్లాడు.

నాకు ఆగితేనా! యంత్రాల పుస్తకం ఒకటి చదివానన్న పొగరు. మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే వాకిట్లో కూర్చుని నేనే బిగించేశాను. కారు దౌడు తీస్తున్నప్పుడు దారిలో చెప్పి మామగారి మెప్పు పొందాలని ఎవరికీ చెప్పలేదు.

పొద్దున సాయిబు వస్తే వాకిట్లోనే ఆపి, పనైపోయిందన్నాను.

"స్ప్రింగు ఇంజను దిక్కే పెట్టినారు గదయ్యా? ఒగసారి ఇప్పి చూస్తా."

"నాకు తెలీదనుకున్నావా? పోవయ్యా పో!" అని కసిరాను. పోయాడు.

ఆ పూటే మామగారి మేనకోడలి పెళ్లికి రాజంపేట బయల్దేరాం. సగం దారిలో కారు బుసబుసమని పొగలు కక్కి ఆగింది. చుట్టూ ఎర్రటి ఎండ. కూలికి పోతున్న ఒకామె తాగడానికి తెచ్చుకున్న ముంతెడు నీళ్లు పోసింది. అవీ ఆవిరైపోయాయి. ముహూర్తం దాటిపోయింది. అత్తగారు చెట్టు కింద కూలబడి ఏడ్చింది.

"ఎవురప్పా దీన్ని బిగించింది?" అన్నారు మామగారు.

"సాయిబే మామా, ఇంకెవరు?" అన్నాను. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

ఎడ్లబండికి కట్టి కారును ఇంటికి చేర్చాక, మర్నాడు సాయిబును పిలిపించారు. వీధి వీధంతా వింటుండగా మామగారు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. సాయిబుకు ఏమీ అర్థం కాలేదు. మూత విప్పి చూశాడు. స్ప్రింగు రేడియేటరు వైపుంది. తలెత్తి నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకున్నాను.

"తప్పయిపాయ పెద్దయ్యా. తిరగేసి పెట్టినా," అన్నాడు.

సరిగ్గా తిప్పి బిగించి, చేతులు తుడుచుకున్నాడు. ఇంక ఈ గడప తొక్కొద్దన్నారు మామగారు.

పరుగున వెళ్లి సందు మలుపులో సాయిబును పట్టుకున్నాను. "ఎందుకు మీదేసుకున్నావు?" అని అడిగాను.

"కొత్తల్లుడు మీరు. ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగల్ల. నాకేమి, ఇంగా శానా కార్లుండాయి. మీకు అత్తగారిల్లు ఒగటే గదయ్యా," అని నవ్వి వెళ్లిపోయాడు.

శానా కార్లెక్కడివి? ఆయన చేతికొచ్చేవి రెండే. రెండోది మామగారి స్నేహితుడిది, అదీ ఆ వారంలోనే వేరేచోటికి పోయింది.

అప్పుడే వెనక్కి వెళ్లి నిజం చెప్పాల్సింది. చెప్పాలనే నడిచాను కూడా. ఇంట్లో అప్పటికే విస్తర్లు వేశారు. "మనమే వాణ్ణి నమ్మి చెడినాం, నీకు చెప్పింటే శుభ్రంగా బిగించేటోడివి," అంటూ మామగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అత్తగారు ఓళిగలు వడ్డించింది. తిన్నాను. మారు వడ్డించబోతే వద్దనలేదు.