ఎనక్ తొక్కిన దారి

ఎనక్ హాగెట్ అనే మనిషి కుర్చీలో కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. మా ఊళ్లో పొలాలకు కంచెలు అల్లేవాడు. బడిలో నా పక్క బల్లే, అప్పుడూ కాళ్లాడిస్తూనే ఉండేవాడు. భార్య ఐవీ పోయాక మరీ ఎక్కువైంది. వానైనా మంచైనా పొద్దున టీ తాగి, మా వంటింటి కిటికీ ముందునుంచి, పొలానికి అడ్డంపడి చర్చికి వెళ్లేవాడు. ఆమె సమాధి దగ్గర నిమిషం నిలబడి తిరిగొచ్చేవాడు.

ఆ పొలం కొన్న లండన్ ఆయన గేటుకు గొలుసు బిగించాడు. రోడ్డు మీదుగా చర్చి రెండు మైళ్లు. ఎనక్ మోకాళ్లు అంత దూరం మోయవు. గొలుసు దాటబోయి రెండుసార్లు పడ్డాడు.

శవపేటికను మోసుకెళ్లిన నేల ఎప్పటికీ అందరి దారేనని మా ఊరి పాత నమ్మకం. ఇక అతను ఊళ్లో ఎవరు చనిపోతారా, పేటికను ఆ పొలం మీదుగా ఎప్పుడు మోయిద్దామా అని చూడసాగాడు. ఆ చలికాలం నాకు ఛాతీ పట్టేసింది. రోజూ గుమ్మంలో హాజరు.

"దగ్గెలా ఉంది, మార్జరీ?"

"తగ్గింది. నీ దారి కోసం చావడం నా వల్ల కాదు, పో."

"తొందరేం లేదులే," అన్నాడు టోపీ తిప్పుకుంటూ. "ఈస్టర్ లోపల అయితే చాలు."

పొలం ఆయన జాలిపడి, నువ్వొక్కడివైతే వెళ్లు, ఒప్పుకుంటున్నానన్నాడు. అడిగి నడిచేది దారే కాదని ఎనక్ ముఖం తిప్పుకున్నాడు.

చివరికి దారి తగువు చూడటానికి కౌంటీ సర్కారు ఆఫీసునుంచి ఒకమ్మాయి వచ్చింది. శవాల సంగతి చట్టంలో లేనే లేదంది. ఎనక్ టోపీ పెట్టుకుని వెళ్లబోయాడు. ఎవరినీ అడక్కుండా, ఎవరూ ఆపకుండా జనం ఇరవై ఏళ్లు నడిచారని తెలిసినవాళ్లు రాసిస్తే చాలు, అది అందరి దారే అవుతుందంది.

నేను బడికి పోయిన రోజులకన్నా పొలంలో దుంపలు ఏరిన రోజులే ఎక్కువ. అయినా ఆ కాగితం ఇంకొకరి చేత రాయించలేదు. గొలుసు పడేదాకా ఇరవయ్యారేళ్లు అతను ప్రతి పొద్దునా వెళ్లడం నా కిటికీలోంచి చూశాననీ, ఆదివారాలు నేనూ వెళ్లాననీ రెండు సాయంత్రాలు కూర్చుని రాశాను. ఇంకో ఆరుగురు కూడా రాసిచ్చారు.

ఏడాదిన్నరకు గొలుసు తీశారు. ఆ పొద్దున ఎనక్ వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. మూడోసారి కిటికీ ముందు పోతుంటే పిలిచి, ఇకనైనా కూర్చో, టీ పోస్తానన్నాను. గుమ్మం దాటలేదు.

"నేను పోయాక ఎవరూ నడవకపోతే ఆయన మళ్లీ బిగిస్తాడు. నీ బూట్లెక్కడ?"

టీ చల్లారిపోతుందని సణుగుతూనే బూట్లు తొడుక్కున్నాను.