పత్తి లారీకి అడ్డం కట్టిన గడ

కొట్లో ఎండుమిరపకాయలు కొనేటప్పుడు ఇప్పటికీ గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తాను. లోపల గింజలు గలగలమంటే బాగా ఎండినట్టు. చప్పుడు లేదంటే తూకం కోసం ఎవరో నీళ్లు చల్లినట్టు. కొట్టతను మొహం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ. ఈ అనుమానం నాకు రత్నమ్మగారు ఇచ్చి వెళ్లిన ఆస్తి.

సత్తెనపల్లి దగ్గర మా చిన్న ఊళ్లో ఆవిడకి లారీ ఆఫీసు ఉండేది. డిగ్రీ అయ్యాక నేను అక్కడే గుమాస్తాగా చేరాను. మా ఊరు ఎప్పుడూ బండి వెంట నడిచిన ఊరు. రైలు వచ్చినప్పుడు అంగళ్లన్నీ స్టేషను ముందుకు చేరాయట. లారీలు వచ్చాక వాటి అడ్డా చుట్టూ హోటళ్లు, పంక్చరు షాపులు వెలిశాయి. అవతలి పల్లెల మిర్చి, పత్తి మా అడ్డా మీద ఆగి, పైన టార్పాలిన్ పట్టాలు కట్టించుకుని గుంటూరు వెళ్లేవి. బస్తా విప్పి చూడకుండా రత్నమ్మగారు ఏ లారీనీ కదలనిచ్చేవారు కాదు. అదీ రైతు కళ్లెదుటే. "నా మీద నమ్మకం లేదా అమ్మా?" అని ఒకాయన నొచ్చుకుంటే, "నీ మీద ఉందయ్యా, బస్తా మీదే లేదు" అన్నారు.

బైపాస్ వస్తోందనగానే ఊరు హడలిపోయింది. పల్లెలకీ మాకూ మధ్య పెద్ద కట్ట లేస్తుంది. సరుకు ఇటు రాకపోతే మా బతుకులేం కాను? కాంట్రాక్టరు మనిషి వచ్చి, కట్ట కింద లారీ దూరేంత దారి వదులుతున్నామని సర్పంచితో సహా అందర్నీ నమ్మించాడు. రత్నమ్మగారు మాత్రం అతనికి టీ ఇప్పించి, ఎంత ఎత్తని అడిగారు. మర్నాడు ఆఫీసు ముందు రోడ్డుకి అటూ ఇటూ గుంజలు పాతించి, సరిగ్గా అంత ఎత్తున వెదురుగడ అడ్డం కట్టించారు. ఆ మనిషిని కూడా పిలిపించారు.

పల్లె నుంచి డ్రైవరు ఏసోబు పత్తి లారీ తెచ్చాడు. పత్తి కుక్కిన పెద్ద గోనె బోరేలు పైకీ పక్కలకీ పొర్లుతున్నాయి.

"పోనీరా," అన్నారు ఆవిడ.

"గడ ఇరుగుద్దమ్మా!"

"ఇరగనీ. రేపు ఆడ సిమెంటు కట్టాక నీ లారీ ఇరుగుద్ది."

గడ పైవరస బోరేలకి తగిలి ఫెళ్లున విరిగింది. ఊరంతా చూసింది. ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా దారి ఎత్తు పెంచారు. ఊళ్లోవాళ్లు ఆవిడకి దండ వేస్తే, దాన్ని కూడా తిప్పి తిప్పి చూశారు.

బైపాస్ తెరిచారు. లారీలు కట్ట కింద నుంచి హాయిగా ఇవతలికొచ్చాయి. వచ్చి, పక్క వాలు మీదుగా బైపాస్ ఎక్కి నేరుగా గుంటూరు పోయాయి. అడ్డా మీద ఒక్కటీ ఆగలేదు. హోటళ్లు మూతపడ్డాయి, చివరికి మా ఆఫీసు కూడా. తాళం వేసిన రోజు ఆవిడ అరుగు మీద కూర్చుని, దూరంగా వెళ్తున్న పత్తి లారీ వంక చూస్తూ, "దూరుద్దా అని అడిగానే గానీ అమ్మాయ్, ఆగుద్దా అని అడగలేదు" అన్నారు.

ఆవిడ ఇప్పుడు లేరు. మొన్న ఎవరో పెద్దమనుషులు వచ్చి, కొత్త రైలు మార్గం మా ఊరి మీదుగానే పోతుందని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. అవి సద్దుమణిగేదాకా ఆగి, నేను లేచి నిలబడ్డాను.

"పోవడం సరేనండీ, మా ఊళ్లో ఆగుద్దా?"